తవుడు బస్తాలతో జింకల దీవికి

మా కాలేజీకి వేసవి సెలవులిచ్చిన మరునాడే మా అత్తయ్య నాలుగు తవుడు బస్తాలు కుట్టించి వరండాలో వరసగా నిలబెట్టించింది.

"ఈసారి నేనే ఎళ్తాను. పంపిస్తే చేరతన్నాయో లేదో తెలీడం లేదు. నువ్వూ రా పద్మా, సెలవులే కదా" అంది.

ఆ బస్తాలు ధమ్తరీ దగ్గర గంగ్రేల్ జలాశయంలో ఒక దీవి మీదున్న చుక్కల జింకలకు. దీని వెనక కొంత కథ ఉంది. మా మావయ్యగారు విజయనగరం వైపు నుంచి వచ్చి రాయ్‌పూర్ రైల్వేలో గార్డుగా చేరారు. ఆఖరి ఏళ్లన్నీ రాయ్‌పూర్-ధమ్తరీ చిన్న రైలు మీదే పనిచేశారు. ఇక్కడివాళ్లు దాన్ని ఛోటీ లైన్ అంటారు. రిటైరైన ఏడాది అత్తయ్యకు ఆనకట్ట చూపిద్దామని తీసుకెళ్లి, బిసాహు అనే పడవవాడి చేత నీళ్ల మీద తిప్పించారు. ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపినప్పుడు ఒక గుట్ట చుట్టూ నీరు చేరి దీవి అయిందట. గుట్ట మీదున్న కాసిని జింకలు అక్కడే చిక్కుకుపోయాయి. అత్తయ్య చూసింది నడివేసవిలో. డొక్కలు లోపలికి పోయి, పక్కటెముకలు తేలి ఉన్నాయి. ఆ దృశ్యం ఆవిడ మరిచిపోలేదు.

మరుసటి ఏడు మావయ్యగారు పోయారు. ఆయన పేరు మీద ఏటా వేసవిలో ఆ జింకలకు తవుడు పంపడం మొదలుపెట్టింది. ఆయన్ని ఎరిగిన గార్డులు బస్తాలను బండి చివర తాము కూర్చునే బ్రేక్‌వ్యాన్‌లో వేసుకుని ధమ్తరీలో దించేవారు. బిసాహు వచ్చి తీసుకెళ్లి దీవిలో పోసేవాడు. కొన్నేళ్లు బాగానే సాగింది. పోయిన వేసవిలో బిసాహు కాలు విరిగి మంచం పట్టాడు. బస్తాలు ధమ్తరీ స్టేషన్లోనే ఉండిపోయి, వానకు తడిసి, ముక్కిపోయాయి. ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ ప్రయాణం అందుకే.

నేను రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఛోటీ లైన్ మీద అభన్‌పూర్ దాటి వెళ్లడం మాత్రం అదే మొదటిసారి.

ఉదయం ఏడు దాటాక బండి కదిలింది. చెక్క బల్లల పెట్టె. ఎదురుగా కూర్చున్నవాళ్ల మోకాళ్లు మన మోకాళ్లకు తగులుతాయి. బస్తాలను కుర్ర గార్డు స్వయంగా బ్రేక్‌వ్యాన్‌లో సర్దించి వచ్చి అత్తయ్యకు నమస్కారం పెట్టాడు. మావయ్యగారి చేతి కింద పని నేర్చుకున్నవాడట. వెళ్లదలచినవారికి ఒక మాట: పొద్దుటి బండే ఎక్కండి, నీళ్ల సీసా తప్పక పెట్టుకోండి. ఎండ ముదిరాక రేకు కప్పు కింద కూర్చోవడం కష్టం. ఈ బండి తొందరపడేది కాదు. ఒకచోట పట్టాల పక్కన గేదెలు మేపుకునే మనిషి బండితో సమానంగా కాసేపు నడిచి, కిటికీలో ఎవరితోనో కబుర్లు చెప్పి, ఆగిపోయాడు.

అభన్‌పూర్‌లో చాలాసేపు ఆగింది. రాజిమ్ వైపు వెళ్లే శాఖ ఇక్కడే విడిపోతుంది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ కలిసి ప్లాట్‌ఫారం సంతలా ఉంది. ఆకు దొన్నెలో వేడి భజియాలు, మన పకోడీల్లాంటివి, కొనుక్కున్నాం. మా పక్కకు ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. కురూద్‌లో ధాన్యం మిల్లులో గుమాస్తానని చెప్పుకున్నాడు. బ్రేక్‌వ్యాన్‌లో బస్తాలు చూసినట్టున్నాడు.

"ఆవులున్నాయా అమ్మా మీకు?" అని హిందీలో అడిగాడు.

"లేవు బాబూ. జింకలకి" అని అత్తయ్య సంగతి చెప్పింది.

"అడవి జంతువుకు దేవుడే పెడతాడు కదమ్మా."

"దేవుడు వచ్చి పెడతాడేటి? మన చేత్తోనే పెట్టిస్తాడు" అంది అత్తయ్య. గుమాస్తా రెండు చేతులూ జోడించి, "నిజం, నిజం" అన్నాడు. కురూద్‌లో దిగిపోతూ ఆవిడ పాదాలకు దండం పెట్టాడు. అత్తయ్య ముఖం వెలిగింది. కిటికీలోంచి కోతలైపోయిన పొలాలు చూస్తూ మెల్లగా ఏదో భజన పాడుకుంది.

పదకొండు దాటుతుండగా ధమ్తరీ. అక్కడితో లైను ఆఖరు. బిసాహు స్టేషన్ బయట మెటడోర్ వ్యాను మాట్లాడి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, ఎడమకాలు కొంచెం ఈడుస్తున్నాడు. అత్తయ్యను చూడగానే "దాయీ" అంటూ వంగి కాళ్లకు మొక్కాడు. ఛత్తీస్‌గఢీలో దాయీ అంటే అమ్మ. అత్తయ్యకు ఆ భాష తెలుగంత బాగా వచ్చు. వాళ్లిద్దరూ ఆ రోజంతా మాట్లాడుకున్నది ఆ భాషలోనే. నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

వ్యాను ఆనకట్ట దగ్గరి వాళ్ల ఊరికి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. బిసాహు భార్య మమ్మల్ని చల్లటి మట్టి గదిలో కూర్చోబెట్టి కంచు గిన్నెల్లో బాసీ పెట్టింది. రాత్రి అన్నాన్ని నీళ్లలో నానబెట్టి, పొద్దున ఉల్లిపాయా పచ్చిమిరపకాయతో తింటారు. అత్తయ్య ఒక గుక్క తాగి, "మా తరవాణే కదే ఇది!" అని మురిసిపోయింది. మళ్లీ అడిగి పెట్టించుకుంది. బిసాహు మాత్రం సరిగ్గా తినలేదు. రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగాడు.

"ఎండగా ఉంది దాయీ. మీరిక్కడే పడుకోండి. బస్తాలు నేను వేసొస్తాను" అన్నాడు చివరికి.

"వొద్దు. చూడ్డానికే వొచ్చేను" అంది అత్తయ్య.

ఎండ కాస్త వాలాక పడవెక్కాం. నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. ఒడ్డు నుంచి చాలా దూరం బురద ఎండి పెంకులు పెంకులుగా పగిలింది. నీళ్ల మధ్య మునిగిపోయిన చెట్ల మోళ్లు నల్లగా నిలబడి ఉన్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. బిసాహు మేనల్లుడు ఒక తెడ్డు, బిసాహు ఒక తెడ్డు వేశారు. గాలి లేదు. దీవి దగ్గరకు రావడానికి గంట పట్టి ఉంటుంది.

దూరం నుంచి చూస్తే గుట్ట ఆకుపచ్చగానే ఉంది. దగ్గరకొచ్చేకొద్దీ నాకేదో తేడాగా తోచింది. చెట్లన్నిటికీ కింద అంచు ఒకే ఎత్తులో ఉంది, తాడు పట్టి కత్తిరించినట్టు. ఆ అంచుకు పైన ఆకులు, కింద ఒక్క రెమ్మ లేదు. పొద లేదు. నేల గచ్చులా ఉంది. జింక వెనక కాళ్ల మీద లేచి మెడ చాపితే ఎంతవరకు అందుతుందో అంతవరకూ తినేసిన దీవి అది. కొన్ని చెట్లకు మొదళ్ల దగ్గర బెరడు కూడా లేదు.

పడవ ఒడ్డుకు తగలగానే జింకలు వచ్చాయి. మనిషిని చూసి పారిపోవలసినవి, పిలిచినట్టు వచ్చి అర్ధచంద్రాకారంలో నిలబడ్డాయి. అత్తయ్యకు ప్రాణం లేచొచ్చింది.

"చూడవే, చూడు! నన్ను గుర్తుపట్టేసినట్టున్నాయి" అంటూ నా చెయ్యి పట్టుకుని దిగింది.

నాలుగడుగులు వేశాక ఆగిపోయింది. ఒక రాతి పక్కన ఎముకలున్నాయి. ఇంకొంచెం పైన ఇంకొన్ని. చెట్టు మొదట్లో చిన్న పుర్రె, వేలెడంత కొమ్ములతో. చూపు అలవాటుపడేకొద్దీ అవి ఎక్కడపడితే అక్కడ కనబడసాగాయి.

"బిసాహూ, ఏటివన్నీ?"

బిసాహు తలగుడ్డ తీసి చేతిలో నలిపాడు. "పోయిన వేసవిలో, దాయీ. నేను మంచం మీద ఉన్నాను. మా మేనల్లుడు చేపలకొచ్చి చూసి చెప్పాడు. నేను కర్ర పట్టుకుని వచ్చేసరికి చాలా పోయాయి. మీకు కబురు చేయడానికి మనసొప్పలేదు."

"తవుడు రాకపోబట్టే పోయేయా?"

"రాకపోబట్టే దాయీ."

అత్తయ్య ఒక బండ మీద కూర్చుంది. కళ్లు తుడుచుకుని, "ఒక్క ఏడు తప్పితే ఇంత ఘోరమా! మరి నేను పంపకముందు ఏం తిని బతికేవి?" అంది.

అది ఆవిడ ఊరికే అన్న మాట. అని, తనే ఆగిపోయింది. మళ్లీ మెల్లగా బిసాహును అడిగింది. "నిజంగానే అడుగుతున్నాను. ముందు ఎలాగుండేవి? మొదట్నుంచీ చెప్పు."

బిసాహు ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. "నీళ్లొచ్చిన ఏడు చేతి వేళ్లకు మించి లేవు, దాయీ. రెండు మూడేళ్లు కనబడీ కనబడకుండా తిరిగేవి. తరవాత ఎటు చూసినా పిల్లలే. ఏ తల్లి వెనక చూసినా ఒకటి. పడవలోంచి చూస్తే ఒడ్డు కదులుతున్నట్టుండేది. ఇలాగే పెరిగితే దీవి చాలదురా అనుకునేవాళ్లం. కానీ పెరగలేదు. మీరు గార్డుసాబ్‌తో వచ్చేనాటికే ఆగిపోయింది. పుట్టేవి పుట్టేవి, పోయేవి పోయేవి. ఏ ఏడు చూసినా మంద అంతే ఉండేది."

"పోయేవంటే?"

"ముసలివి. ఎండకు ఆగలేని పిల్లలు. కొన్ని ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోయేవి. అక్కడ ఊరకుక్కలు పట్టేవి కొన్నిటిని."

"తవుడొచ్చాక?"

"తవుడొచ్చాక ఏ పిల్లా పోలేదు దాయీ" అన్నాడు బిసాహు. ఆ మాటలో ఇంకా కొంచెం గర్వం ఉంది. "ఏటికేడు మంద పెరిగింది. మీకు కబురు పంపేవాణ్ని కదా!"

నిజమే, పంపేవాడు. ఆ కబురొచ్చిన రోజు అత్తయ్య కాలనీలో అందరికీ బెల్లం పంచేది.

అత్తయ్య నా వైపు తిరిగింది. "నువ్వు పిల్లలకి ఇదే కదా చెప్తావు. ఏటయ్యిందో చెప్పు."

ఏటా ఈ పాఠం చెబుతూ బోర్డు మీద ఒక గీత గీస్తాను. మొదట నేలబారుగా పోయి, తరవాత నిటారుగా లేచి, చివరికి చదునుగా సాగే గీత. బిసాహు చెప్పింది అక్షరాలా అదే. ఆ చదును దగ్గర పిల్లలు ఎప్పుడూ, "ఎందుకాగుతుంది మేడమ్?" అని అడుగుతారు. దానికి జవాబు ఇక్కడ కాళ్ల కిందే ఉంది.

"చెప్పవే" అంది అత్తయ్య.

"ఈ దీవి ఏడాదికి ఇంత గడ్డే మొలిపిస్తుంది అత్తయ్యా. జింకలు తక్కువున్నప్పుడు అన్నిటికీ కడుపునిండా దొరుకుతుంది, గబగబా పెరుగుతాయి. ఎక్కువయ్యేకొద్దీ ఒక్కోదాని వాటా తగ్గుతుంది. ఆడజింకలు ఆలస్యంగా ఈనుతాయి. బలం లేని పిల్లలు నిలవవు. అలా పుట్టేవీ పోయేవీ సరిసమానమై, దీవి ఎన్నిటిని మోయగలదో అక్కడ మంద ఆగుతుంది. మీరు మొదట చూసింది అలా ఆగిన మంద. వేసవి కాబట్టి చిక్కి ఉన్నాయి. వాన పడితే మళ్లీ తేరుకునేవి."

"చచ్చిపోతున్నాయనుకున్నాను నేను."

"చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు."

"తరవాత?"

"తవుడు వేసవి రెండు నెలలే కదా. దాంతో గట్టెక్కినవన్నీ మిగతా పది నెలలూ ఈ గడ్డే తినాలి. అది చాల్లేదు. వేళ్లతో సహా పీకి తిన్నాయి. మొలకలు తిన్నాయి, బెరడు తిన్నాయి. దీవి మోయగలిగినదానికన్నా మంద పెద్దదైపోయింది. ఆ పైన పోయినేడు తవుడు రాకపోయేసరికి..."

"అయితే ఇవన్నీ నా చేతిమీదుగానే పోయేయన్నమాట."

"మీరు కావాలని చేశారా అత్తయ్యా? అలా అనకండి."

"ఊరుకోబెట్టకే. పాఠం చెప్తే పాఠంలాగే చెప్పు" అంది. గొంతులో కోపం లేదు. చేతులు మాత్రం ఒళ్లో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

బిసాహుకు మా తెలుగు అర్థం కాలేదు కానీ సంగతి అర్థమైంది. తల వంచుకుని, "పోసింది నేనే దాయీ" అన్నాడు. అత్తయ్య అతని భుజం మీద చెయ్యి వేసింది.

జింకలు ఇంకా నిలబడే ఉన్నాయి. పడవలో బస్తాలు. మేనల్లుడు మొదటి బస్తా భుజాన వేసుకుని దిగబోతూ మా మొహాలు చూసి ఆగాడు.

"ఇప్పుడు పెడితే ఏటవుద్ది?" అని అత్తయ్య నన్నడిగింది.

"నాకు నిజంగా తెలీదు. ఇప్పుడు మిగిలినవి తక్కువే. వానలు దగ్గర్లోనే ఉన్నాయి. చాలావరకు బతుకుతాయనే అనుకుంటాను. అన్నీ బతుకుతాయని చెప్పలేను. పెడితే మాత్రం మళ్లీ అదే దారి."

ఆవిడ చాలాసేపు జింకల వంక చూసింది. తరవాత, "బస్తాలు దింపొద్దు బిసాహూ. పద, ఎళ్లిపోదుం" అని లేచింది.

వెళ్లిపోవడం అంత సులువుగా జరగలేదు. పడవ నీళ్లలోకి తోసేలోపే పడమట ఆకాశం మట్టిరంగుకు తిరిగింది. వేసవి గాలి దుమారం. బిసాహు ఒక్క చూపు చూసి పడవను మళ్లీ ఒడ్డుకు లాగి మోడుకు కట్టేశాడు. "ఈ గాలిలో దాటలేం దాయీ. తగ్గాలి" అన్నాడు. తడిస్తే పాడవుతాయని బస్తాలు దించి, ఒక పెద్ద బండ చాటున పెట్టారు. మేమూ అక్కడే చేరాం.

తవుడు వాసనకు జింకలు దగ్గరకొచ్చేశాయి. నా చెయ్యి అందేంత దూరంలో ఒక ఆడజింక. దాని నాలుక గోనెసంచి మీద ఆడుతోంది. కళ్లు పెద్దవి, తడివి. అత్తయ్య బస్తాల మీద ఎక్కి కూర్చుంది. జింక ఆవిడ మోకాలిని మూతితో నెట్టింది. ఆవిడ చీర కొంగు మొహానికి కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను దగ్గరకు జరిగి కూర్చున్నాను. ఒక దోసెడు పెడితే ఏం పోతుంది అని నా నోటిదాకా వచ్చింది. ఆ మాట ఆవిడే అంటే నేను కాదనేదాన్ని కాను. ఆవిడ అనలేదు.

గాలి ఊపందుకుంది. పైన కొమ్మలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ముందు ఆకులు రాలాయి. తరవాత చిన్న రెమ్మలు. ఆ వెంట తునికి పండ్లు, రాళ్లు విసిరినట్టు టపటపా. జింకలకు అందని ఎత్తున ఇన్నాళ్లూ ఉన్నదంతా నేల మీదికి వచ్చిపడుతోంది. మా ముందున్న ఆడజింక చెవులు నిక్కించింది, వెనక్కి తిరిగింది, ఒక్క గంతులో గుట్ట ఎక్కింది. దాని వెనక తక్కినవన్నీ. నిమిషంలో మా చుట్టూ ఒక్కటీ లేదు. పైన చెట్ల కింద అవి తలలు వంచి ఆత్రంగా ఏరుకుంటున్న చప్పుడు గాలిలోనూ వినబడింది.

అత్తయ్య కొంగు తొలగించి చూసింది. "ఎళ్లిపోయాయా?" అంది.

"అదుగో, పైన. రాలిన పండ్లు తింటున్నాయి."

ఆవిడ నిలబడి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, దుమ్ములోకి అలా చూస్తూనే ఉంది. పెద్ద పెద్ద చినుకులు కాసిని పడి ఆగిపోయాయి. మట్టి వాసన లేచింది.

మేము ఒడ్డు చేరేసరికి పొద్దుగూకింది. బస్తాలు అత్తయ్య బిసాహు గేదెలకు ఇచ్చేసింది. ధమ్తరీలో సాయంత్రం బండి అప్పటికే వెళ్లిపోయింది. స్టేషన్‌కు దగ్గర్లో ఒక ధర్మశాలలో గది దొరికింది. నులక మంచాలు, మట్టి కూజాలో నీళ్లు, ఎదుట వీధిలో పూరీ కూర. ఆడవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు. దుప్పటి మాత్రం మీరు తెచ్చుకోవాలి.

తెల్లారి బండికి తిరుగు ప్రయాణం. అదే కుర్ర గార్డు. మమ్మల్ని చూసి పెట్టె దగ్గరకొచ్చాడు. "వచ్చే వేసవికి బస్తాలెప్పుడు పంపుతారు మాతాజీ? ముందే చెబితే వ్యాన్‌లో చోటు ఉంచుతాను" అన్నాడు.

"ఇంక పంపను నాయనా."

"అదేం?"

"అక్కడ ఉన్నది వాటికి సరిపోద్ది. నేను పెడితేనే చాలకుండా పోయింది" అంది అత్తయ్య.

అతను అర్థం కాక నా వైపు చూశాడు. ఈల వేయాల్సిన వేళైంది, వెళ్లిపోయాడు.

ఇది జరిగాక నేను ఆ దీవికి మరి కొన్నిసార్లు వెళ్లాను. రెండో ఏడు వానలకు బండల సందుల్లోంచి గడ్డి మొదలైంది. ఆపై ఏళ్లలో చెట్ల కింద మొలకలు కనబడ్డాయి. మంద కొంత పెరిగింది, మళ్లీ ఒక లెక్క దగ్గర ఆగింది. ఇప్పుడవి పడవ చప్పుడు వింటే పారిపోతాయి. వెళ్లేవారు దూరం నుంచే చూడండి, ఏమీ తీసుకెళ్లకండి. వేసవిలో వెళితే అవి చిక్కి కనబడతాయి, మనసు కలుక్కుమంటుంది. వీలైతే వానలు వెనకబట్టాక ఒకసారి వెళ్లండి. అప్పుడు వాటి ఒళ్లు నిగనిగలాడుతూ ఉంటుంది. రెండూ చూస్తేనే ఆ దీవిని చూసినట్టు.

ఆ రోజు తిరుగు బండి కురూద్ దాటింది. నాకు ఉండబట్టలేక, "మావయ్యగారి పేరు మీద ఇంకేదైనా చేద్దాం అత్తయ్యా" అన్నాను.

ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని బయటికి చూస్తోంది. బండి వంపు తిరుగుతోంది. వెనక బ్రేక్‌వ్యాన్ గుమ్మంలో నిలబడ్డ కుర్రాడి తెల్ల యూనిఫాం, చేతిలో చుట్టిన జెండా ఇక్కడికి కనబడుతున్నాయి.

"ఏటికోసారి ఈ రైలెక్కించు" అంది. "ఎళ్లి చూసొచ్చేద్దాం. చేతులూపుకుంటూ."